తాతయ్య తప్పులు

"తాతా, చేతిలో ఒకటి ఏదీ? కలపలేదేం?"

పాప గద్దించేసరికి పక్కనున్న ముసలాయన కంగారుగా పిడికిలి విప్పి చూసుకున్నాడు.

"ఇక్కడే ఉండాలే తల్లీ! ఎక్కడ పారేసుకున్నానో!"

మూడో తరగతి మొత్తం గొల్లుమంది.

టీచరమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

ఆ బడిలో శుక్రవారం చివరి పీరియడ్ ఇంటివాళ్ళది. అమ్మో, నాన్నో, ఎవరో ఒకరు వచ్చి పిల్ల పక్కన బుల్లి కుర్చీలో ఇరుక్కుని, పిల్లలు చేసే లెక్కలే తామూ నోటుబుక్కులో చేయాలి. టీచరమ్మ రెండు పుస్తకాలూ దిద్దుతుంది.

పాప తల్లిది బట్టల ఫ్యాక్టరీలో పని. శుక్రవారం సెలవు దొరకదు. సగం ఏడాది దాకా పాప పక్క కుర్చీ ఖాళీయే. లెక్కల్లో మార్కులా, గుండు సున్నా! ఈసారి కూడా తప్పితే మళ్ళీ మూడో తరగతేనని టీచరమ్మ ఇంటికి చీటీ రాసి పంపింది.

ఆ వారమే ఈ తాతయ్య ఊడిపడ్డాడు.

వచ్చాడు సరే, ఆయనకీ లెక్కలు రావాయె! ముప్పై ఆరూ పదిహేడూ కలిపితే నలభై మూడట!

'శ్రద్ధ చాలదు' అని ఎర్రసిరాతో రాసింది టీచరమ్మ.

"నిజమేనమ్మా" అన్నాడాయన చేతులు కట్టుకుని. "పాప నేర్పిస్తోందిగా, వచ్చేస్తాయి."

పాప హోదా చూడాలి! ఆయన పుస్తకం లాక్కుని, తప్పు దగ్గర వేలు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని మరీ పాఠం చెప్పేది. ఆయన వారానికో కొత్త తప్పు చేసేవాడు.

టీచరమ్మ ఎనిమిది వారాలు ఓపిక పట్టింది. పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. ఇక లాభం లేదని ఆయన్ని వరండాలోకి పిలిచింది.

"ఏమనుకోకండి తాతగారూ. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మీ తప్పులు పిల్లకి అంటుకుంటే దాని ఏడాది కాస్తా మట్టికొట్టుకుపోతుంది. ఇక రాకండి."



"ఒక్క వారం ఓర్చుకోండమ్మా. ఇంకొక్క తప్పు మిగిలిపోయింది."

"చేసినవి చాల్లెండి!"

సరేనన్నట్టు తలూపాడు. కిటికీలోంచి పాపకి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

పరీక్షలో పాపకి యాభైకి నలభై ఎనిమిది! బడంతా ముక్కున వేలేసుకుంది. సున్నాలోంచి తీసివేసే లెక్క ఒక్కటే పోయింది. 'ముసలాయన్ని మాన్పించి ఎంత మంచిపని చేశానో' అని టీచరమ్మ తెగ మురిసిపోయింది.

మార్కులిచ్చే రోజు పాప తల్లి వచ్చింది. ఆమె చేతిలో తాతయ్య నోటుబుక్కు.

"ఇది మీకిమ్మన్నారండీ. మొన్న ఆదివారం కన్నుమూశారు."

"అయ్యో! మీ నాన్నగారా?"

"కాదండీ. పక్క వాటాలో అద్దెకుండేవారు. మాకు ఏమీ కారు. మీ చీటీ పట్టుకుని ఏడుస్తుంటే, 'ఊరుకో అమ్మా, శుక్రవారాలు నేను వెళ్తాలే' అన్నారు."

టీచరమ్మ పుస్తకం తెరిచింది. పేజీ పేజీకీ ఆయన తప్పులు, తన ఎర్రసిరా. ఏదో తట్టి, పాప పుస్తకం కూడా తీసి పక్కన పెట్టి చూసింది.

ఒక వారం పాప చేసిన తప్పు, తర్వాతి వారం తాతయ్య చేశారు. తాతయ్య తప్పుని పాప పట్టుకుంది. ఆ తర్వాత ఆ తప్పు పాప పుస్తకంలో మళ్ళీ ఎక్కడా లేదు.

ఎనిమిది వారాలు. ఎనిమిది తప్పులు.

ఆఖరి పేజీ తిప్పింది. ఎవరూ దిద్దని లెక్క ఒకటుంది అక్కడ. సున్నాలోంచి తీసివేత, కావాలని తప్పుగా చేసి పెట్టుకున్నారు.

టీచరమ్మ మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది. తను రాసిన 'శ్రద్ధ చాలదు' మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవరమ్మా ఆయన?"

"ఇన్నాళ్ళూ మాకూ తెలీదండీ" అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ. "ఆఖరి చూపుకి వీధి పట్టనంత మంది వచ్చారు, సగం మందికి జుట్టు నెరిసిపోయింది, అందరూ మీలా టీచర్లేనండీ... పిల్లలకి పాఠమెలా చెప్పాలో మాకు నేర్పింది ఈయనేనని గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు."