పట్టించినవాడు

ఎస్సై కొండలరావు బల్ల మీద మూడు ఫోటోలు పరిచాడు. మూడింటిలోనూ ఊరేగింపు ముందు వరసలో, చేత్తో రాయి ఎత్తి నిలబడ్డవాడు హేమంతే.

"నీ మీద కేసుల్లేవని సర్టిఫికెట్ అడగనీకి వచ్చినవ్. ఏమని రాయాలె నేను?" అన్నాడు ఎస్సై.

సోమవారం హేమంత్‌కి మిలిటరీ ఉద్యోగాల ఎంపిక ర్యాలీ. ఆ కాగితం లేకపోతే మైదానం గేటు కూడా దాటనివ్వరు. దానికోసమే అతను తెలంగాణ ఊరేగింపు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతున్నాడు. కర్నూలు నుంచి వచ్చి తార్నాకలో ఉంటున్న కుటుంబం వాళ్లది. ఇంట్లోనూ రోజూ అదే మాట, మనకెందుకురా, నీ పరుగేదో నువ్వు చూసుకో అని.

ఫోటోల మీద తేదీ, వేళ ఉన్నాయి. మూడు రోజులూ పొద్దున ఏడు గంటలే. ఆ వేళకి తను యూనివర్సిటీ గ్రౌండులో పరుగు తీస్తున్నానని చెప్పాడు హేమంత్. చూసినవాళ్లెవరని అడిగితే మంచు కదా సార్, ఎవరూ లేరన్నాడు. ఎస్సై ఒక ఫోటో ముందుకు జరిపాడు. అదే ముక్కు. గడ్డం మీద అదే పుట్టుమచ్చ. కాలు బెణికినప్పుడు అమ్మ తన పాత చీర చింపి మడమకి కట్టిన పట్టీ కూడా అదే.

"నేనేం చెయ్యలేదు సార్. ఒక్క కేసు పడిందంటే నా బతుకు ఆగమైతది."

"అందరూ గిదే చెప్తరు. నువ్వు కాకుంటే గీడెవడో పట్కరా. వాడు దొరికిన రోజే నీ కాగితం మీద సంతకం పెడత."

మర్నాడు శనివారం. హేమంత్ గ్రౌండుకి పోలేదు. ఊరేగింపు బయల్దేరే ఆర్ట్స్ కాలేజీ ఎదుట చెట్టు చాటున నిలబడ్డాడు. ఏడయ్యేసరికి మంచులోంచి నినాదాలు వినిపించాయి. తర్వాత జెండాలు కనిపించాయి. ఆ తర్వాత తన మొహం కనిపించింది.

అద్దంలో చూసుకున్నట్టు లేదు. అద్దంలో బొమ్మ మనం కదిలితేనే కదులుతుంది. వీడు తనంతట తానే నవ్వుతున్నాడు, పక్కవాడి భుజం మీద చెయ్యి వేస్తున్నాడు, గొంతు చించుకుని అరుస్తున్నాడు. హేమంత్ ఎన్నడూ అంత గట్టిగా అరవలేదు.

బాష్పవాయువు గుండు పేలింది. గుంపు చెదిరింది. వాడు తార్నాక వైపు పరుగు లంకించుకున్నాడు. హేమంత్ వెంటపడ్డాడు.

మంచు, పొగ కలిసిపోయి దారి తెల్లగా ఉంది. ముందు వీపు ఒక్కటే కనిపిస్తోంది. కాసేపటికి హేమంత్‌కి ఒక సంగతి తెలిసింది. రెండు జతల కాళ్లు పరుగెడుతుంటే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. వాడి అడుగు పడ్డప్పుడే తన అడుగు పడుతోంది. వాడు ఊపిరి పీల్చినప్పుడే తన ఛాతీ నిండుతోంది. ఆగిపోదామనిపించింది. సోమవారం గుర్తొచ్చింది. పళ్లు బిగించి లేని అడుగు ఒకటి అదనంగా వేశాడు.

తార్నాక గేటు దగ్గర కాలరు చేతికందింది. వాడు కంకర మీద బోర్లా పడ్డాడు. నుదురు చిట్లి రక్తం కారింది. అలవాటుకొద్దీ హేమంత్ వాచీ చూసుకున్నాడు. ఇంత దూరం ఇంత తక్కువ సమయంలో అతను ఎప్పుడూ రాలేదు.

పడ్డవాడు తిరగబడలేదు. రక్తం తుడుచుకుంటూ పైకి చూశాడు.

"ఇడిసిపెట్టన్నా. సోమవారం నాకు ర్యాలీ ఉన్నది."

హేమంత్ విడిచిపెట్టలేదు.

ఠాణాలో ఎస్సై ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టాడు. మొదట నవ్వాడు. అన్నదమ్ములా అని అడిగాడు. తర్వాత ఇద్దర్నీ పేరు, ఇల్లు, పదో తరగతి హాల్‌టికెట్ నంబరు అడిగాడు. ఇద్దరూ ఒకేసారి చెప్పారు, ఒక్క అంకె తేడా లేకుండా. ఎస్సై కలం పక్కన పెట్టేశాడు. ఇక నవ్వలేదు. హేమంత్ తండ్రి పేరు పెద్దన్న, యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. ఆయనకి కబురు పంపాడు.

పెద్దన్న టిఫిన్ డబ్బా సంచీతోనే వచ్చాడు. ఎస్సై సంగతంతా చెప్పి, సర్టిఫికెట్ మీద సంతకం చేసి ఆయన చేతిలో పెట్టాడు. కొడుకెవరో ఆయననే తేల్చమన్నాడు. కాగితం కొడుక్కి. రెండోవాడు లోపలికి.

హేమంత్‌కి గుండె బరువు దిగిపోయింది. కన్నతండ్రి పొరపడతాడా. ఆయన తన వైపు అడుగు వెయ్యగానే నవ్వు మొహంతో చెయ్యి చాచాడు.

పెద్దన్న ఆ చేతిని తప్పించుకుని ముందుకి పోయాడు. భుజం మీద తువ్వాలు తీసి రెండోవాడి నుదుటి మీద రక్తం అద్దాడు. కాగితం మడిచి వాడి జేబులో పెట్టాడు. "పా నాయనా, మీ అమ్మ ఎదురు చూస్తాంటాది" అన్నాడు. వాడు తల వంచుకుని ఆయన వెంట నడిచాడు.

"నాయనా, నేను" అన్నాడు హేమంత్.

గడప దగ్గర పెద్దన్న ఆగాడు. వెనక్కి తిరిగి హేమంత్ మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆయన కళ్లల్లో కోపం లేదు, జాలి ఉంది.

"మా పిల్లోణ్ణి పట్టిచ్చింది నువ్వేనంట. పోనీలే. ఎవురి బిడ్డవు నాయనా నువ్వు?"