ఓడ టైము

రేవుగట్టు ఆ చివర పసుపు గొడుగు కనిపించగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే ఉసూరుమంది. గొడుగు పట్టుకుని పరిగెడుతున్నది ఆయన భార్యే. కానీ ఆ గట్టు చూస్తే ఒక పట్టాన తరిగేలా లేదు. ఆవిడ మోకాళ్ళ సంగతి ఆయనకు తెలియనిది కాదు.

ఓడ బయల్దేరే వేళ దాటిపోయింది. ఎక్కే మెట్లు లోపలికి లాగేశారు. పైఅంతస్తులో పక్కకు పొడుచుకొచ్చిన బాల్కనీ చివర, రెయిలింగు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడాయన.

పక్కనున్న ఆఫీసరు చిన్నగా దగ్గాడు. "టైమైపోయింది సార్."

"ఒక్క నిమిషం."

"ఇందాకా అదే అన్నారు సార్."

ఆలస్యానికి కారణం ఆవిడ బద్ధకం కాదు, చేతిలోని ఫోను. ఈ ఊరి గడియారం ఓడ గడియారం కంటే గంట వెనక. ఒడ్డు గాలి తగిలిందంటే చాలు, ఫోను తనంతట తానే ఊరి టైముకు మారిపోతుంది. అందుకే పొద్దున మైకులో మళ్ళీ మళ్ళీ చెప్పారు, ఓడ టైమే చూసుకోండి, ఫోను నమ్మకండి అని. ఆవిడ వింటేగా. "ఈ గొంతు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి" అని నవ్వుతూ చెవికి దిండు అడ్డం పెట్టుకుంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరూ కలిసి పట్టుమని పది రోజులు ఎక్కడికీ వెళ్ళింది లేదు. ఉద్యోగం పేరు చెప్పి ఆయన ఏడాదిలో సగం ఇంటి మొహమే చూడడు. పిల్లల చదువులు, అత్తగారి మందులు, అయిపోయిన గ్యాస్ సిలిండరు, అన్నీ ఆవిడ నెత్తిమీదే. ఆవిడకు ఎన్నాళ్ళనుంచో ఒకటే కోరిక. పెద్ద ఓడెక్కి, కాలు మీద కాలేసుకుని, ఎవరో వండింది తింటూ సముద్రం చూడాలని. ఇన్నాళ్ళకు తీరింది. ఈత కొలను పక్కన వాలు కుర్చీలో పడుకుని, "వంట చెయ్యకపోతే చేతులు ఎంత తేలిగ్గా ఉంటాయో చూడండి" అని చిన్నపిల్లలా చేతులు చాపి చూపించింది.

ఒక్కటే లోటు. ఓడెక్కినా ఆయనకు పని తప్పలేదు. పొద్దున "ఊళ్ళోకి వెళ్దాం రండి" అని ఆవిడ బతిమాలితే, "నాకు కుదరదు, నువ్వెళ్ళిరా" అన్నాడు. ఒక్కదాన్నే ఎందుకు పంపానా అని ఇప్పుడు కుమిలిపోతున్నాడు.

ఫోను మోగింది.

"వచ్చేస్తున్నానండీ. కాస్త ఓడ ఆపండి." ఆవిడ రొప్పుతోంది.

"నా చేతుల్లో ఏముందే." అన్నాక ఆయనకే సిగ్గేసింది. "నెమ్మదిగా రా. పడతావ్."

"నెమ్మదిగా వస్తే మీరు వెళ్ళిపోరూ?"

ఆయన ఫోను పెట్టేశాడు.

కింది అంతస్తులో రెయిలింగు పొడవునా జనం. ఆలస్యమైనవాళ్ళ పరుగు చూడటమంటే ఓడలో అందరికీ సరదా. టికెట్టు లేని సినిమా.

"అందుకోలేదు. కాఫీ పందెం," అన్నాడొక బట్టతల పెద్దమనిషి.

"అందుకుంటుంది. చెప్పులు చేత్తో పట్టుకుని మరీ వస్తోంది," అంది ఒక టీచరమ్మ. "ఆవిడ మొగుడెక్కడ చచ్చాడో."

"మొగుడుండి మాత్రం ఏం చేస్తాడమ్మా. మొన్నటి రేవులో కొత్త జంట ఇలాగే పరిగెత్తుకొచ్చారు. ఇంకో పది అంగల్లో ఉండగా ఓడ కదిలించేశాడు. ఈ కెప్టెన్‌కి గుండె ఉండాల్సిన చోట లంగరుంది."

అందరూ నవ్వారు. పైనున్న ఆయనకు ప్రతి మాటా వినిపించింది.

ఆ కొత్త జంట విషయంలో మొన్న ఈ ఆలుమగలిద్దరికీ మాటా మాటా పెరిగింది కూడా. "కాసేపు ఆగితే సముద్రం ఎండిపోతుందా?" అని ఆవిడ. "ఒకరికోసం ఆగితే రోజూ ఎవరో ఒకరికోసం ఆగాలి. ఓడలో వేలమంది ఉన్నారు" అని ఆయన. "మీదాకా వస్తే తెలుస్తుంది" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

"ఆటు మొదలైంది సార్," అన్నాడు ఆఫీసరు గొంతు తగ్గించి. "నీళ్ళు తగ్గుతున్నాయి. ఇంకా ఆగితే ఓడ అడుగు బురదలో కూర్చుంటుంది. మేడమ్ పాస్‌పోర్టు గదిలోంచి తెప్పించి రేవు ఏజెంటుకు అందించాం. మొన్న ఆ జంటకీ అలాగే చేశాం కదా. హోటలు అతనే చూస్తాడు. తర్వాతి రేవులో వచ్చి కలుస్తారు."

"ఆవిడకి ఈ ఊరి భాష రాదయ్యా."

"తెలుసు సార్."

"లైటు ఆర్పితే ఒక్కతే పడుకోలేదు."

ఆఫీసరు తల దించుకున్నాడు. పాపం, అతను మాత్రం ఏం చెయ్యగలడు.

పసుపు గొడుగు గట్టు సగం దాటింది. ఆవిడ చేతిలో సంచి పారేసింది. మోకాలు పట్టుకుని కుంటుతూనే పరిగెడుతోంది. కింద జనం చప్పట్లు కొడుతున్నారు. ఆవిడ తలెత్తి, అంత ఎత్తున ఉన్న ఆయన్ను పోల్చుకుని, నమ్మకంగా చెయ్యి ఊపింది.

ఎవరి కాళ్ళయినా పట్టుకోడానికి ఆయన సిద్ధమే. కానీ పట్టుకుంటే కరిగే కాళ్ళు ఈ ఓడమీద ఒక్కటీ లేవు.

ఆయన చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుని, తన కెప్టెన్ టోపీ నెత్తిన సర్దుకుని, వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "తాళ్ళు వదలండి" అన్నాడు.