ఎవరి బండి నమ్మకం?

కనుమ దాటడానికి ఇంకా రెండు మలుపులున్నాయనగా ఎల్మిర్జా కొత్త మోటారుసైకిలు ఆగిపోయింది. మీట నొక్కాడు. దీపాలన్నీ వెలిగాయి, తెర మీద బొమ్మలన్నీ వచ్చాయి. ఇంజను మాత్రం ఉలకలేదు, పలకలేదు. చివరికి ఎర్రక్షరాల్లో ఓ సలహా వచ్చింది: ‘సర్వీస్ సెంటర్‌ని సంప్రదించండి.’ సర్వీస్ సెంటర్ ఎక్కడో రాజధాని బిష్కెక్‌లో ఉంది. ఎల్మిర్జా కొండ మీద, వడగళ్ళలో ఉన్నాడు.

కింద మలుపులో డబడబమని చప్పుడు వినిపించింది. అతను మీటని మళ్ళీ మళ్ళీ నొక్కాడు. తుర్గునాలి బాబాయి వచ్చేస్తున్నాడు, ఎల్మిర్జా కన్నా పదేళ్ళు పెద్దదైన సైడ్‌కారు బండి మీద.

పొద్దున వదిన ఐజిరెక్‌కి కాన్పు అయిందని నర్సు ఆసుపత్రి కిటికీలోంచి కేకెయ్యగానే ఇద్దరూ బండ్ల మీదికి దూకారు. కనుమ అవతల మేతభూమిలో ఫోన్లు పనిచెయ్యవు. అక్కడున్న ఎల్మిర్జా తండ్రి జుమగాజికి తాతవయ్యావన్న కబురు ముందుగా ఎవరు చేరిస్తే సూయున్చు వాళ్ళది. ఏ శుభవార్తకైనా మొదట తెచ్చినవాడికి ఆ కానుక ఇచ్చి తీరాలి. ఈసారి చుక్కల గుర్రప్పిల్లనే ఇస్తానని జుమగాజి ముందే చాటాడు. బిడ్డ తండ్రికి సూయున్చు రాదు కాబట్టి అన్న ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. ఎల్మిర్జా ఉన్న ఒక్క గుర్రాన్నీ అమ్మి ఈ బండి కొన్నాడు. అప్పట్నించి ఊరంతా అతన్ని ‘కాలినడక మొనగాడు’ అంటోంది. అందుకే ఆ పిల్ల అతనికి కావాలి. చాలా కావాలి.

బాబాయి బండి నెమ్మదించింది గానీ ఆగలేదు.

“ఏంరా అబ్బాయ్, చదువుకున్న బండి కదా, ఏమంటోంది?”

“సెన్సరేదో తడిసినట్టుంది బాబాయ్.”

“నాకా బాధ లేదురా. నాదానికి తడిసినా తెలీదు, కాలినా తెలీదు. పాతికేళ్ళుగా ప్రతి శుభవార్తకీ పరిగెత్తాను, ఒక్కదానికీ ముందు చేరలేదు. ఇవాళ చేరతా!”

సాగిపోయాడు. యాభై గజాలు వెళ్ళాక డబడబ ఆగిపోయింది.

ఎల్మిర్జా నవ్వు ఆపుకుంటూ నడిచి వెళ్ళాడు. బాబాయి అప్పటికే ప్లగ్గు విప్పి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.

“ఎవర్ని సంప్రదించమంటోంది బాబాయ్?”

“నన్నే! నాది పొద్దుట్నించి నాలుగుసార్లు చెడింది, నాలుగుసార్లూ నేనే బాగుచేశాను. నీది ఒక్కసారి చెడింది, నువ్వు దాని పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డావు. చెప్పు, ఏది నమ్మకమైన బండి?”

“చెడనిది.”

“అలాంటిదుంటే చూపించు, ఇద్దరం కొనుక్కుందాం.”

ప్లగ్గు బిగించాడు. మూడు కిక్కులు కొట్టాక నాలుగోదానికి బండి దగ్గింది. కానీ బాబాయి కదల్లేదు. ఆకాశం వైపు చూశాడు, నీలం తిరిగిన అబ్బాయి చెవుల వైపు చూశాడు. అయినవాణ్ణి కనుమ మీద వదిలేసి వెళ్ళడం ఆయన వల్ల కాలేదు. తిట్టుకుంటూ సైడ్‌కారులోంచి తాడు తీసి తన బండికి కట్టాడు.

“ఈ కొస హ్యాండిలుకి చుట్టుకుని పట్టుకో. గుర్రప్పిల్ల మాత్రం నాది. సరేనా?”

ఎల్మిర్జా తాడు చుట్టుకుంటూ ఏదో గొణిగాడు. అది సరే అనడమో కాదో వడగళ్ళ చప్పుడులో తెలియలేదు.

కనుమ దాటారు. వాలులో పడ్డాక, ఎక్కడి నీళ్ళు ఎక్కడికి కారాయో గానీ, తెర మీద ఎర్రక్షరాలు వాటంతటవే మాయమయ్యాయి. మీట నొక్కితే ఇంజను మొదటి నొక్కుకే పలికింది. ఎల్మిర్జా ఒక్క క్షణం ఆలోచించాడు. అంతకంటే ఎక్కువ ఆలోచిస్తే సిగ్గేసేది. తాడు వదిలేసి రయ్యిమని దాటిపోయాడు.

“ఒరేయ్ దొంగ సచ్చినోడా! నిన్ను లాక్కొచ్చింది ఇందుకా?”

బాబాయి బండికి బ్రేకులు సరిగ్గా పట్టవు. ఇన్నాళ్ళకి అదీ కలిసొచ్చింది. గొర్రెల్ని చెదరగొడుతూ రెండు బండ్లూ ఒక్కసారే గుడారాల మధ్యకి దూసుకొచ్చాయి. ఒకదాన్ని బ్రేకులు ఆపాయి, రెండోదాన్ని పిడకల కుప్ప ఆపింది.

“సూయున్చు!” అని ఇద్దరూ ఒకే గొంతుతో అరిచారు.

జుమగాజి గుర్రప్పిల్లని పట్టుకుని వచ్చాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

“ఐజిరెక్ క్షేమమేనా?”

“తల్లీబిడ్డా క్షేమం నాన్నా! ముందొచ్చింది నేను!”

“నేను లేకపోతే వీడు పైనే గడ్డకట్టేవాడు అన్నయ్యా! నమ్మకమంటే నా బండే!”

“ఇవాళ నాలుగుసార్లు ఆగింది నాన్నా అది! నమ్మకమంటే నాదే!”

“నీదా? నేను లాగితే కదా వచ్చింది!”

“ఆ గొడవ తర్వాత తేల్చుకుందురు గాని,” అన్నాడు జుమగాజి కళ్ళు తుడుచుకుంటూ. “ముందు ఇది చెప్పండి. గుర్రం పట్టుకునేవాడా, నలభై గుర్రాలు తెచ్చేదా?”

అబ్బాయా, పెళ్ళినాడు ఓలిగా గుర్రాలు తెచ్చే అమ్మాయా అని అక్కడ అలాగే అడుగుతారు. ఎల్మిర్జా బాబాయి వైపు చూశాడు. బాబాయి ఎల్మిర్జా వైపు చూశాడు.

“నువ్వడగలేదురా?”

“పెద్దవాడివి కదా, నువ్వడిగావనుకున్నా బాబాయ్.”

జుమగాజి పగ్గాన్ని మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

“ఇక ఈ పిల్ల ఆ పుట్టిన బిడ్డదే, ఎవరైనా సరే. నాకు మాత్రం ఇవాళే తెలియాలి. పేరు ఆలోచించుకోవాలి నేను. ఎవరి బండి నమ్మకమైనదో వాళ్ళు మళ్ళీ కనుమ దాటి కనుక్కుని రండి.”

ఇద్దరూ తల తిప్పి చూశారు. కనుమ కనపడకుండా వడగళ్ళు పడుతున్నాయి. ఇద్దరూ ఒక్కసారే వేలెత్తి చూపించారు: బాబాయి కొత్త బండిని, ఎల్మిర్జా పాత బండిని.