చేపమనిషికి వీడ్కోలు

కంప్యూటర్ ఆటలు ఆడిపెట్టడానికీ కూలి మనుషులు దొరికే రోజులవి. ఎవరి తరఫునో ఆటలో సరస్సులోని చేపమనిషిని చంపడం నూకరత్నం పని. పొద్దున్నించి ఐదుసార్లు చంపింది. ఐదుసార్లూ లేచాడు. మళ్లీ లేస్తే ఈ పని ఇంకొకరికి పోతుంది.

తప్పెక్కడో అప్పటికి తెలిసింది. బల్లెం దిగినప్పుడల్లా వాడు "వస్తానమ్మా" అంటాడు. అలవాటుకొద్దీ ఆమె "ఎల్లిరా" అంటుంది. ఆటకు మర్యాదలు తెలియవు. రమ్మంటే వాడు వస్తాడు.

ఈసారి బల్లెం దింపి, "పో!" అని అరిచింది. వాడు మునిగాడు. ఇక అరగంట నీళ్లు కదలకపోతేనే చచ్చినట్టు లెక్క, అందాకా ఆమె ఆట కళ్లజోడు తీయకూడదు.

వేటకు బయల్దేరిన మొగుడు ఎల్లాజీ గుమ్మంలోనే వల దించి చతికిలబడ్డాడు.

"నిన్ను కాదయ్యా, ఆడిని."

"ఎవుడినైతే ఏటి? నా సెవిని పడింది. సముద్రం మీదకెల్లేవోణ్ని. సరిగ్గా అను, ఎల్తాను. అవతల పడవ ఆగదు."

నూకరత్నం కళ్లజోడు తీయకుండానే తడుముకుంటూ అతనికి మంచినీళ్లిచ్చింది. కదలని సరస్సును ఒకసారి చూసుకుంది.

"ఎల్లిరా" అంది.

ఎల్లాజీ వల ఎత్తుకున్నాడు. ఆమె బల్లెం ఎత్తుకుంది.