నూనెలో రాతిపొడి

"మిషను ఆఖరిసారి ఆగినప్పుడు తీసిన ఫిల్టర్ ఇదేనా?" అంది సుహాసిని, కవరు విప్పుతూ.

"అదేనమ్మా. లక్ష్ముడ్ని పంపించీసిన రోజు మార్సినాం," అన్నాడు దాలయ్య.

ఆమె కంప్రెషర్ కంపెనీ ఇంజనీరు. పొద్దున్నే విశాఖ నుంచి టెక్కలి దగ్గరున్న ఈ రాతి క్వారీకి వచ్చింది. రాయిని తొలిచే డ్రిల్లులన్నీ ఈ ఒక్క కంప్రెషర్ ఇచ్చే గాలి మీదే ఆడతాయి. పోయిన నెల్లో అది నాలుగుసార్లు వేడెక్కి ఆగిపోయింది. నాలుగుసార్లూ ఆయిల్ ఫిల్టరే పూడుకుపోయింది.

"చూడక్కర్లేదు మేడమ్, రాతిపొడే," అన్నాడు మేనేజరు నరసింగరావు. "రెండో షిఫ్టువాడు నూనె డబ్బా మూత తీసి వదిలేసేవాడు. వాణ్ణి పంపించి పదిరోజులైంది, మిషను ఒక్కసారీ ఆగలేదు. మీరా మాట రాసివ్వండి, చుట్టుపక్కల ఏ క్వారీలోనూ వాడికి పని దొరక్కుండా చేస్తాను."

కంప్రెషర్ నడిపే దాలయ్య స్టూలు మీద కూలబడ్డాడు. ఇరవయ్యారేళ్ల చాకిరీకి మోకాళ్లు అరిగిపోయాయి. ఆ రెండో షిఫ్టువాడు పరాయివాడా? సొంత చెల్లెలు జగ్గమ్మ కొడుకు లక్ష్ముడు. వాడి పేరు చెప్పింది తనే మరి. చెప్పకపోతే తనే ఇంటికి పోవాలి, ఈ వయసులో ఇంకెవడు పనిస్తాడు? ఆ రోజు నుంచీ జగ్గమ్మ ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది.

అయినా తను అబద్ధం చెప్పలేదనే దాలయ్య నమ్మకం. నూనె విషయంలో తనంత చాదస్తుడు ఇంకొకడు లేడు. సీలు విప్పిన కొత్త డబ్బా అయినా సరే, పాత పొందూరు పంచె ముక్కతో వడకట్టందే చుక్క పోసేవాడు కాదు. లక్ష్ముడికి అదీ వేళాకోళమే.

"మావా, ఆ గుడ్డ నీకన్నా ముసిల్దైపోనాది, ఒగ్గీ" అనేవాడు.

"నాకే సెప్తావేటిరా? నువ్వు పుట్టకముందు నుంచీ పోస్తన్నాను" అని కసిరేవాడు తను.

మేనేజరు నిలదీసిన రోజు లక్ష్ముడు ఏదో చెప్పబోయాడు. మావ మొహం చూసి ఆగిపోయాడు.

"మావ సెప్పిందే నిజం బాబూ" అన్నాడు.

చెయ్యని తప్పు ఒప్పుకునే వెర్రివాడెక్కడైనా ఉంటాడా? పైగా మేకుకున్న చొక్కా, క్యారేజీ వదిలేసి, పోతూపోతూ ఆ గుడ్డ పట్టుకుపోయాడు, దొంగవెధవ. అప్పట్నుంచి దాలయ్య మనసొప్పకపోయినా నూనె నేరుగానే పోస్తున్నాడు.

సుహాసిని ఫిల్టర్‌ను బ్లేడుతో కోసింది. లోపలి మడతలు విప్పి, నల్లటి జిగురును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"రాతిపొడి కాదండీ."

"మరేటమ్మా?"

"నూలు. సన్నటి పోగులు, మడత మడతలోనూ ఉన్నాయి. ఇవే దారి మూసేశాయి. ఎవరైనా చివికిపోయిన పాతగుడ్డతో నూనె వడకట్టేవారా?"

నరసింగరావు దాలయ్య వైపు చూశాడు. దాలయ్య గోడకేసి చూశాడు. మేకుకు చొక్కా, క్యారేజీ పదిరోజులనాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"నానేనమ్మా," అన్నాడు మెల్లగా.

లక్ష్ముడు పట్టుకుపోయింది ఆ గుడ్డొక్కటే.