నవ్వు పరీక్ష

"నవ్వండి" అన్నాడు చప్పట్ల మేస్త్రీ.

అల్లుడు నవ్వాడు. పళ్ళ డాక్టరుకి నోరు చూపించినట్టుంది తప్ప, అందులో నవ్వు మచ్చుకైనా లేదు.

టీవీలో వారం వారం వచ్చే నవ్వుల కార్యక్రమానికి ఆ రోజు రికార్డింగు. ప్రేక్షకులుగా ఎవరు కూర్చోవాలో స్టూడియో గుమ్మం దగ్గరే, వాళ్ళచేత చప్పట్లు కొట్టించే ఈ మేస్త్రీ తేల్చేస్తాడు. ఓ జోకు చెబుతాడు. పగలబడి నవ్వినవాళ్ళు లోపలికి, నవ్వనివాళ్ళు ఇంటికి. కెమెరా ముందు ఏడుపుగొట్టు మొహాలు పనికిరావు మరి!

అల్లుడికి మాత్రం ఇది పరువు సమస్య. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటాడు, ఏం పని చేస్తావయ్యా అంటే నసుగుతాడు, ఇలాంటివాడికి పిల్లనెలా ఇచ్చామా అని అత్తగారి గోల. ఆవిడకి ఈ కార్యక్రమమంటే ప్రాణం. పక్కన కూర్చుని ఆవిడ్ని ఎలాగైనా మంచి చేసుకోవాలని అతనే వెంటబెట్టుకుని వచ్చాడు. రేపు తెల్లారితే ఆవిడ తిరుగు ప్రయాణం.

"సరే, ఇంకోటి చెబుతా" అన్నాడు మేస్త్రీ. "ఒకాయన డాక్టరు దగ్గరికెళ్ళి, మా అత్తగారికి గొంతు పోయిందండీ అన్నాడు. కంగారు పడకండి, మందిస్తా అన్నాడు డాక్టరు. తొందరేం లేదండీ, మీరు బాగా ఆలోచించుకునే ఇవ్వండి అన్నాడాయన!"

వరసలో అందరూ గొల్లుమన్నారు. అత్తగారు పొట్ట పట్టుకుని, "అచ్చం మా వియ్యపురాలే!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

అల్లుడు తల అడ్డంగా ఊపాడు. "తొందరేం లేదు అన్నాక కాస్త ఆగి, అప్పుడు మిగతాది చెప్పాలండీ."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. "నాకే పాఠాలా? మీరు పనికిరారు. పక్కకి జరగండి."

"అది కాదండీ, అసలు నేను..." అత్తగారి వైపు చూసి మాట మింగేశాడు.

"మీరెవరైనా సరే, నవ్వితేనే లోపలికి!"

"నవ్వవయ్యా బాబూ, నీ సొమ్మేం పోయింది!" అంది అత్తగారు.

అతను కళ్ళు గట్టిగా మూసుకుని "హహ్హహ్హ" అన్నాడు. వెనకాల ఎవరి చంకలోనో ఉన్న చంటిపిల్ల జడుసుకుని ఏడుపు లంకించుకుంది.

"చూశారుగా, మా అల్లుడికి నవ్వడం కూడా చేతకాదు!" అని పక్కావిడతో చెప్పుకుంటూ అత్తగారు లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు మూసేశారు. అల్లుడు మెట్ల మీద కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది. కాసేపటికి లోపల్నుంచి నవ్వులు మొదలయ్యాయి. అందరికంటే అత్తగారి గొంతే గట్టిగా వినిపిస్తోంది.

కాపలా తాతకి జాలేసింది. "అంతమంది అలా పడీ పడీ నవ్వుతుంటే, నీకు చిన్న నవ్వైనా రాలేదేం బాబూ?"

"నేను రాసిన జోకులకి నాకే నవ్వెలా వస్తుంది తాతా!" అన్నాడు అల్లుడు.