మడ్డి పరీక్ష

కృష్ణా నది నడిమధ్యలో పడవ ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

వెనక పెనుమూడి రేవు ఎంత దూరమో, అవతలి గట్టూ అంతే దూరం. నీళ్లు జోరుగా సముద్రం వైపు లాగుతున్నాయి. పడవలో పన్నెండు మంది. కరుణ పడవ అంచు గట్టిగా పట్టుకుంది.

గల్ఫ్ యుద్ధం పుణ్యమా అని డీజిల్ దొరకని రోజులవి. కానుగ నూనెతో పడవ నడిపి చూద్దామని బయల్దేరారు. ఆ నూనెను బాపట్ల ల్యాబ్‌లో పరీక్షించి, భేషుగ్గా ఉందని రిపోర్టు రాసింది కరుణే. ఆ రిపోర్టు ఇప్పుడు పై అధికారి హనుమంతరావు ఒళ్లో ఉంది. ఆయన సంతకం పడితే సోమవారం నుంచి రేవులో పడవలన్నిటికీ అదే నూనె.

"ఏమైందయ్యా అంద్రెయా?" హనుమంతరావు అరిచాడు.

పడవ నడిపే అంద్రెయ ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు. "పైపులో మడ్డి అడ్డం పడిందండి."

హనుమంతరావు కరుణ వైపు తిరిగాడు. "మడ్డి పరీక్ష చేశావా అమ్మా?"

"చేశాను సార్. రిపోర్టులో ఉందిగా."

ఉంది, నిజమే. కాగితానికేం, ఏం రాసినా మోస్తుంది.

ఇంజన్ లేని పడవ అడ్డం తిరిగింది. నీళ్లు అంచు దాటి లోపలికొచ్చాయి. అచ్చమ్మ అనే ముసలామె చంటి మనవణ్ణి గుండెకు అదుముకుని, "యేసయ్యా! కాపాడు తండ్రీ!" అని ఏడుపు అందుకుంది. కరుణకు ఆ పసివాడు తన మూలానే పోతాడనిపించింది. ఇక ఆగలేకపోయింది.

"సార్, నేను ఆ పరీక్ష చేయలేదు! నూనె వేడిచేసి, వడకట్టి, మిగిలిన మడ్డి తూచాలి. ఆ రోజు కరెంటు లేదు. ఇంటికెళ్లే తొందరలో, పోయిన నెల నూనెకొచ్చిన అంకే వేసేశాను. వీళ్లకేమన్నా అయితే ఆ పాపం నాదే సార్!"

ప్రాణం మీదికొస్తే ఎంత గట్టి నోరైనా తెరుచుకుంటుంది. హనుమంతరావు రిపోర్టును నాలుగు ముక్కలు చేసి ఏట్లో వేశాడు.

"బతికి ఒడ్డెక్కితే, రేపట్నుంచి ల్యాబ్ గడప తొక్కకు."

ఈలోగా అంద్రెయ పైపు ఊడదీసి నోటితో గట్టిగా ఊదాడు. నల్లటి మడ్డి ఊడిపడింది. పైపు బిగించి హ్యాండిల్ తిప్పాడు. ఒకసారి, రెండుసార్లు... మూడోసారికి ఇంజన్ అందుకుంది. పడవ ముక్కు గట్టు వైపు తిరిగింది. అచ్చమ్మ ఏడుపు ఆగింది. కరుణ ఏడుపు మాత్రం ఆగలేదు.

అంద్రెయ తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఆమె మొహం చూడలేక నీళ్ల వైపు చూస్తూ గొణిగాడు.

"ఊరుకోండి అమ్మగారూ. మీ కొత్త నూనంటే భయమేసి, పొద్దున డ్రమ్ము అడుగున మిగిలిన డీజిలే పోసుకొచ్చానండి."